పేజ్‌మేకర్‌లో చిక్కుకుపోయిన దినచర్య: నా అనుభవం

అమలాపురంలో ఒక డీటీపీ సెంటరులో పనిచేసిన కాలంలో, అంటే 2001 నుంచి 2009 వరకు, నేను దినచర్యను కాగితం మీద రాయలేదు. శుభలేఖలూ కరపత్రాలూ తయారుచేసే కంప్యూటరులోనే, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు అయిన పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్లతో టైపు చేసి దాచుకునేవాణ్ణి. రోజంతా అదే కీబోర్డు మీద ఉండే వేళ్లకు కలం పట్టడం కన్నా అదే సులువుగా అనిపించేది, పైగా పరాయివాళ్లు ఆ ఫైలు తెరిచినా పెళ్లిపత్రిక చిత్తుప్రతి అనుకుని మూసేస్తారన్న ధీమా కూడా ఉండేది. ఆ ఫైళ్లన్నిటినీ ఏ ఫోనులోనైనా తెరిచి చదువుకోగలిగిన యూనికోడ్ తెలుగులోకి ఈ మధ్యనే మార్చుకున్నాను. ఇలాంటి ఫైళ్లు పాత ప్రెస్సుల్లోనూ, చిన్న పత్రికల కార్యాలయాల్లోనూ, దేవస్థానాల ఆహ్వానపత్రికలు వేసిన దుకాణాల్లోనూ ఇంకా ఎన్నో మూలుగుతున్నాయని తెలుసు కనుక, మేము చేసిన పనిని కాస్త వివరంగా రాస్తున్నాను.

సెంటరు ఎత్తేసినప్పుడు ఓనరు గారు పాత సీపీయూను నాకే ఇచ్చేశారు. అందులోని హార్డ్‌డిస్కు వెడల్పాటి పట్టీ తీగతో కలిపే పాత రకానిది కావడంతో ఇప్పటి ల్యాప్‌టాప్‌కు నేరుగా తగలదు. యూఎస్‌బీకి మార్చే అడాప్టరు ఒకటి తెప్పించి, భీమవరంలో ఇంజినీరింగు చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చేదాకా ఆగాను. వాడు డిస్కు తగిలించగానే నేను ఫైళ్లు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మావయ్యా, ముందు దీన్ని ముట్టుకోవద్దు. మొత్తం డిస్కుకు నకలు తీసుకుని, ఆ నకలు మీదే పని చేద్దాం. ఇది ఎంతసేపు తిరుగుతుందో చెప్పలేం" అన్నాడు. లినక్సులో డీడీరెస్క్యూ అనే సాధనం ముందుగా బాగున్న భాగాలన్నిటినీ చదివేసి, చెడిన చోట్లను చివరికి వదిలి, వాటి దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లి ప్రయత్నిస్తుంది. డిస్కు మధ్యమధ్య టిక్కుటిక్కుమంటూనే రాత్రంతా తిరిగింది. తెల్లారేసరికి ఒకటి రెండు చోట్ల తప్ప అంతా వచ్చేసింది.

అసలు పని అక్కడి నుంచే మొదలైంది. పేజ్‌మేకర్‌కు ఆఖరి ప్రధాన వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది. ఆ తరువాత దాని తయారీదారు అడోబీ సంస్థ తన దృష్టిని అదే పని చేసే ఇన్‌డిజైన్ మీదకు మళ్లించింది, ఆ ఇన్‌డిజైన్‌లో కూడా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచే సదుపాయం సీఎస్6 వెర్షన్‌తో ఆగిపోయింది. ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరు లిబ్రెఆఫీస్‌కు 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి ఈ ఫైళ్లను తెరిచే శక్తి ఉంది కనుక, ఏ సాఫ్ట్‌వేరూ కొనే స్తోమత లేనివాళ్లు ముందు దానితో చూసుకోవచ్చు. మా దగ్గర సెంటరు నాటి సీడీలు ఉన్నాయి కాబట్టి మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌లోనే మరో కంప్యూటరులా నడిచే ఒక వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో విండోస్ ఎక్స్‌పీ వేసి, దాని మీద పేజ్‌మేకర్ నడిపించాడు. ఆ బూడిదరంగు టూల్‌బాక్సు తెర మీద కనబడగానే నా ఎడమచెయ్యి తనంతట తానే పాత షార్ట్‌కట్ల మీదకు పోయింది.

ఈ ఫైళ్లలో ఉన్నది, యంత్రం దృష్టిలో, తెలుగు కాదు. అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరాల ముక్కలను పరిచి పెట్టాయి. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తులు వేరొక చోట ఉంటాయి, వాటిని పక్కపక్కన పేరిస్తే కంటికి తెలుగులా కనబడుతుంది. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరుస. యూనికోడ్ పద్ధతి ఇందుకు పూర్తిగా వేరు. 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అక్కడ దాచేది అక్షరాన్నే గాని దాని ఆకారాన్ని కాదు, ఆకారం గీయడం ఫాంటు పని. విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చినా మా వృత్తిలో ఎవరమూ దాని జోలికి పోలేదు, ఎందుకంటే మా పేజ్‌మేకర్ దాన్ని చూపించలేదు, మా వేళ్లు అలవాటుపడిన కీబోర్డూ అది కాదు.

ఇలాంటి గుర్తుల వరుసను యూనికోడ్‌లోకి మార్చిపెట్టే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. ఒక నెల పాఠ్యాన్ని కాపీ చేసి అందులో వేస్తే చాలావరకు చక్కటి తెలుగే వచ్చింది గాని, మధ్యమధ్య ఏ భాషకూ చెందని గజిబిజి తేలింది. కారణం వెతికితే నవ్వొచ్చింది: నేను "యూపీఎస్", "లేజర్ ప్రింట్" వంటి మాటలను ఇంగ్లీషు ఫాంటులో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేసేవాణ్ణి, కన్వర్టరుకు ఫాంటు సంగతి తెలియదు కనుక వాటిని కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తోంది. అందుకని పాఠ్యాన్ని ఊరికే కాపీ చేయకుండా, పేజ్‌మేకర్ నుంచి ఆర్‌టీఎఫ్ రూపంలో ఎగుమతి చేశాము. ఆ రూపంలో ప్రతి ముక్కకూ అది ఏ ఫాంటులో ఉందో రాసి ఉంటుంది. అను ఫాంటు ఉన్న ముక్కలను మాత్రమే మార్చి, మిగిలినవాటిని ఉన్నవున్నట్టు వదిలేసేలా మేనల్లుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న స్క్రిప్టు రాశాడు. ఈ పని తలపెట్టేవాళ్లు మొదటి రోజే ఆర్‌టీఎఫ్ దారి పట్టాలన్నది నా గట్టి సలహా.

తరువాతి తలనొప్పి క్రావడి, అంటే ర ఒత్తు. అది అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది కనుక నా ఫైళ్లలో క్రావడి ముందు, అక్షరం తరువాత ఉండేవి. "సముద్రం" అన్న మాటలో క్రావడి "ద" కింద చేరకుండా, దాని ముందున్న "ము"ను పట్టుకుని, ఆధారం లేని గుర్తు కింద యంత్రం వేసే చుక్కల సున్నతో దర్శనమిచ్చేది. కనుమనాడు ఎత్తైన ప్రభలను ఊరేగించే ప్రభల తీర్థం రోజున రాసుకున్న పేజీ అయితే చెప్పనక్కరలేదు, జగ్గన్నతోటకు వచ్చిన ప్రభలన్నీ చుక్కల సున్నాలతోనే ఊరేగాయి. దీనికి కూడా స్క్రిప్టులో ఒక నియమం రాసుకోవలసి వచ్చింది. పొల్లుల సంగతి ఇంకా సూక్ష్మమైనది: యూనికోడ్‌లో పొల్లు తరువాత హల్లు వస్తే రెండూ కలిసి ఒత్తుగా మారిపోతాయి కాబట్టి, అవి విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత గుర్తు పెట్టాలి. అది పెడితే చదవడానికి బాగుంటుంది, కాని ఆ గుర్తు లేకుండా వెతికితే కొన్ని సాఫ్ట్‌వేర్లకు మాట దొరకదు. మేము గుర్తు ఉంచాము, వెతికేటప్పుడు దాన్ని పట్టించుకోకుండా ఉండే ఏర్పాటు చేసుకున్నాము.

ప్రూఫు దిద్దడం పూర్తిగా నా వంతు. ఇరవయ్యేళ్ల కిందటి నా మాటలను అక్షరం అక్షరం చదవడం వింతగా ఉండేది, అయితే వృత్తిరీత్యా ప్రూఫు చూసేవాడికి అర్థం కన్నా అచ్చు ముందు కనబడుతుంది కనుక పని సాగింది. "మ" ఉండాల్సిన చోట "య", "ఘ" ఉండాల్సిన చోట "ఫు" చూస్తే చాలు, చెయ్యి దానంతట అదే అక్కడికి పోయేది. మార్పిడిలో వచ్చిన తప్పులను మాత్రమే దిద్దాను. ఆనాడు నేనే చేసిన తప్పులను, "గోదారి", "ఏటిగట్టు కాడ" లాంటి మాటలను అలాగే ఉంచాను. 2006 ఆగస్టు వరదనాటి పేజీ ఇలా ఉంది: "ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారంట. లంకలోళ్లు గొడ్లను గట్టెక్కించేశారు. కరెంటు లేదు. యూపీఎస్ మీద ఒక్క కార్డు కొట్టి ఆపేశాను. పెళ్లోరు ఎలాగొస్తారో, పంటు లేదుగా." పంటు అంటే నది దాటించే బల్లకట్టు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారని కోనసీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి, నేను ఆ అంకెలు రాసుకోనేలేదు.

ఆ దినచర్యలో ప్రతి రోజూ చివర ఒక వరుస ఉండేది: "ఫ్రీసెల్ 7214, గెలుపు" అన్నట్టుగా. ఖాతాదారు ప్రూఫు చూసుకునేలోపు, ప్రింటు వచ్చేలోపు ఆడుకోవడానికి విండోస్ 98లో మాకున్నది ఫ్రీసెల్ అనే ఒంటరి పేకాట, మైన్‌స్వీపర్ వంటి చిన్న ఆటలే. ఆ ఫ్రీసెల్‌లో 1 నుంచి 32,000 వరకు నంబర్లున్న ఆటలు ఉండేవి, నంబరు కొడితే ఎప్పుడైనా అదే పంపకం వచ్చేది. దినచర్య మొత్తంలో ఒక్క తప్పూ లేకుండా బయటపడినవి ఈ నంబర్లే, ఎందుకంటే మా ఫాంటులో అంకెలు తమ చోటునే ఉన్నాయి. ఆ పాత నంబర్లు ఇప్పుడు పనిచేస్తాయా అని మేనల్లుడు సందేహించాడు. పైసాల్ అనే ఉచిత పేకాటల సాఫ్ట్‌వేరులో మైక్రోసాఫ్ట్ నంబర్లను ఎంచుకునే వీలుంది, దాన్ని వేసి చూశాము. 1వ నంబరు ఆటలో మొదటి వరుస మొదటి ముక్క డైమన్ జాకీ అని నాకు నోటికి వచ్చు, అదే వచ్చింది. ముక్కలు కలిపే సూత్రం చిన్న గణితం, ఆ నంబరు నుంచే మొదలై ప్రతిసారీ అదే క్రమాన్ని ఇస్తుంది కనుక, ఇరవయ్యేళ్ల కిందట మధ్యాహ్నం భోజనం వేళ నా ఎదుట పరిచిన యాభై రెండు ముక్కలు అవే చోట్లలో మళ్లీ పరుచుకున్నాయి.

2002 నాటి కొన్ని పేజీల్లో 11982 అనే నంబరు వరుసగా "ఓటమి"తో కనబడింది. తోటి ఆపరేటరు ఒకడు ఆ నంబరు ఇచ్చి, నేను గెలిస్తే వారం రోజుల టీ ఖర్చు తనదే అని పందెం కాశాడు. ఆ 32,000 ఆటలను పంచుకుని పరిష్కరించడానికి 1994లో అంతర్జాలంలో కొందరు ఔత్సాహికులు పూనుకున్నారు, మరుసటి ఏడాదికి అన్నిటినీ గెలిచారు, ఈ ఒక్కటి తప్ప. దానికి పరిష్కారమే లేదని తరువాత కంప్యూటర్ ప్రోగ్రాములతోనూ తేలింది. మావాడికి ఆ సంగతి ముందే తెలుసునని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది. ఫోను చేసి అడిగితే నవ్వాడే గాని ఒప్పుకోలేదు.

మేనల్లుడు ఊరికే ఉండక, ఏ నెలలో ఎన్ని ఆటలు ఆడానో లెక్కించి గ్రాఫు గీశాడు. ప్రతి సంవత్సరం జూన్, జూలైల దగ్గర ఒక ఎత్తు, డిసెంబరు చివర నుంచి సంక్రాంతి వరకు ఇంకొక ఎత్తు లేచాయి. వాడు పరీక్షల సెలవులా అని అడిగాడు. ఆషాఢంలో, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే అసలే ఉండవు, పెళ్లి లేకపోతే శుభలేఖ లేదు, శుభలేఖ లేకపోతే ఆపరేటరుకు ఫ్రీసెల్ తప్ప దిక్కులేదు. మాఘమాసం రాగానే ఆ గీత నేలకు పడిపోయింది. ఆదాయం గురించి ఒక్క మాట కూడా రాసుకోని దినచర్యలో మా సెంటరు వ్యాపారమంతా ఆటల లెక్కలో తలకిందులుగా నమోదై ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మేనల్లుడి ఆటల సంగతి వేరు. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో వాడు ఆడే పబ్జీ మొబైల్ ఉంది, అక్టోబరు 30తో మన దేశంలో దాని సర్వర్లు ఆగిపోయాయి. మరుసటి ఏడాది అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చినప్పుడు పాత ఖాతా వివరాలను తెచ్చుకునే అవకాశం ఇచ్చారు గాని, వాడు అప్పటికి ఆసక్తి పోయి తెచ్చుకోలేదు. ఏ రోజు ఏ ఆట ఆడాడో చెప్పమంటే వాడి దగ్గర నాలుగు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. ఇందులో ఎవరి ఆట గొప్పదన్న వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు. పదిమందితో కలిసి ఆడే ఆటను నంబరు కొట్టి మళ్లీ పరచలేమని వాడు అన్నది నిజమే.

ఇప్పుడు ఫైళ్లు నెలకొకటి చొప్పున, "2003-08" వంటి పేర్లతో, ఏ హంగూ లేని మామూలు టెక్స్టు రూపంలో ఉన్నాయి. యూనికోడ్ పాఠ్యాన్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడుతుంది, అయినా అన్నేళ్ల దినచర్యా కలిపి ఫోనులో ఒక ఫొటో ఆక్రమించేంత స్థలం కూడా పట్టలేదు. పాత పేజ్‌మేకర్ ఫైళ్లను, డిస్కు నకలును మాత్రం చెరపలేదు, ఎందుకంటే ఏ గుర్తుకు ఏ అక్షరమో చెప్పే మార్పిడి పట్టికలో ఇంకా ఏ తప్పు దాగి ఉందో తెలియదు, మూలం ఉంటే మళ్లీ మార్చుకోవచ్చు. వీటి నకలు ఉన్న ఒక పెన్‌డ్రైవు అక్క ఇంట్లో, మండపేటలో ఉంది. మా ఇల్లు ఏటిగట్టుకు లోపలివైపు ఉన్నందున రెండు నకళ్లూ ఒకే ఊళ్లో ఉండకూడదని అక్కే పట్టుబట్టింది.

డిస్కులో చెడిన చోట్ల పడి తెరుచుకోని ఫైళ్లు కొన్ని మిగిలాయి, వాటిలో 2003 పుష్కరాల నాటిది కూడా ఒకటి. దాన్ని నేరుగా బైట్ల రూపంలో తెరిచి, దొరికినంత పాఠ్యాన్ని మన పట్టికతోనే మార్చి చూడొచ్చని మేనల్లుడు అంటున్నాడు. సంక్రాంతి సెలవులకు వస్తాడు కనుక, అప్పటికి ఆ ఫైలులో అను పాఠ్యం ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టి ఉంచమని నాకు పని అప్పగించి వెళ్లాడు. ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాను.