కర్నూలు కైమాతో డచ్చి వాళ్ల ఉండలు

నెదర్లాండ్స్‌లో ఈ ఉండలకు పంది, గొడ్డు మాంసం సగం సగం కలుపుతారు. మనకు పొట్టేలు కైమా చాలు, కానీ ఐదో వంతు కొవ్వు ఉండాల్సిందే. లేకపోతే ఉండ పీచుపీచుగా ఎండిపోతుంది. ముక్కలు కడిగి నీళ్లు వాడ్చాకే కైమా కొట్టించండి. కొట్టాక కడిగితే నీరు పట్టేసి పెనం మీద విడిపోతుంది.

అర కిలోకు ఒక గుడ్డు, 60 మి.లీ. పాలలో నానిన 40 గ్రాముల ఎండు బ్రెడ్డు పొడి, సన్నగా తరిగిన చిన్న ఎర్రగడ్డ, చెంచా ఆవాల ముద్ద, 8 గ్రాముల ఉప్పు, మిరియాల పొడి, పావు చెంచా జాజికాయ పొడి. బేకరీ రస్కులు వద్దు, వాటి తీపి, యాలకుల వాసన రుచిని చెడగొడతాయి. అల్లం వెల్లుల్లి కూడా వద్దు, జాజికాయ వాసన మునిగిపోతుంది.

తడి చేత్తో, పగుళ్లు లేకుండా, 100 గ్రాముల ఉండలు చేయండి. 50 గ్రాముల వెన్న, చెంచా నూనె వేడిచేసి, నురుగు అణిగి వేయించిన శెనక్కాయల వాసన వచ్చాక ఉండలు వేయండి. అంతకు ముందే వేస్తే రంగు రాదు, వెన్న నల్లబడితే చేదు. పది నిమిషాలు తిప్పుతూ ఎర్రగా వేయించి, గ్లాసు వేడినీళ్లు పోసి అడుగు గీకి, మూతపెట్టి సన్న సెగన అరగంట ఉంచండి. ఆ రసం ఉడికిన ఉర్లగడ్డల మీద పోసుకోవాలి. జొన్నరొట్టెకూ బాగుంటుంది.