బెంగళూరు డ్యూటీలో బయటి తిండి: నేను పాటించే పద్ధతి

నెలకు ఎనిమిది, పది రోజులు ఆఫీసు పని మీద బెంగళూరులో ఉండాల్సినవాళ్లకు మూడు పూటలా బయటి తిండే గతి. లాడ్జి గదిలో పొయ్యి ఉండదు, ఇంటి నుంచి తెచ్చిన డబ్బా మర్నాటికే పులుస్తుంది. ఇన్నాళ్ల తిరుగుడులో నాకు తెలిసొచ్చింది ఒకటే. ఏ హోటల్‌కి వెళ్లామన్నది పెద్ద విషయం కాదు, మనం అడక్కుండానే ప్లేట్లోకి వచ్చి పడేవాటితోనే అసలు తంటా. పొడి మీద నెయ్యి, దోసె మీద వెన్న, రెండో విడత అన్నం, కాఫీలో చక్కెర, టేబుల్ మధ్యలో దిగే స్టార్టర్లు. ఇవేవీ మనం నోరు తెరిచి అడిగినవి కావు. అడిగితే తప్ప రానివి వేరే ఉన్నాయి: కూర, ఆకుకూర, గుడ్డు, చప్పటి పెరుగు.

కొలతకు నేను పెట్టుకున్నది మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు. రోజుకు 2000 కిలో క్యాలరీలు తినే మనిషికి అందులో కూరలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మి.లీ., నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. 27 గ్రాముల నూనె అంటే రోజంతటికీ ఐదారు టీస్పూన్లు. పొద్దున వెన్న వేసిన మసాలా దోసె, దాని పక్కన ఒక వడ తింటే ఆ కోటాలో పెద్ద వాటా టిఫిన్‌కే ఖర్చు. కూరల సంగతి దీనికి తలకిందులు. ఆ పూట ప్లేట్లో ఉన్న కూరగాయంతా దోసెలోని ఆలుగడ్డే.

టిఫిన్‌కి నేను వెళ్లేది దర్శినికే, అంటే ఇక్కడి సెల్ఫ్ సర్వీస్ శాకాహార టిఫిన్ హోటల్‌కే. కౌంటర్ దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకోవడం, వంట కౌంటర్‌లో ఇవ్వడం, నిలబడి తినడం. చిక్కేమిటంటే టోకెన్ మీద పదార్థం పేరు మాత్రమే ఉంటుంది, మన షరతులు ఉండవు. అవి వంట దగ్గర నోటితో చెప్పుకోవాలి, అదీ దోసె పెనం మీద పడక ముందే. నాలుగు కన్నడ మాటలు వస్తే చాలు. ఎణ్ణె అంటే నూనె, బెణ్ణె అంటే వెన్న, తుప్ప అంటే నెయ్యి, సక్కరె అంటే చక్కెర. వద్దంటే ‘బేడ’, తక్కువంటే ‘కమ్మి’, విడిగా అంటే ‘బేరె’. ‘బెణ్ణె బేడ, ఎణ్ణె కమ్మి హాకి’ అంటే దోసె మాస్టర్‌కి అర్థమైపోతుంది. ఎణ్ణె, బెణ్ణె వినడానికి ఒకేలా ఉంటాయి, ఆ రద్దీలో తడబడితే వద్దన్నదే రెండింతలు పడుతుంది. ‘సాంబార్ బేరె కొడి’ అనడం కూడా మరిచిపోవద్దు. లేదంటే ఇడ్లీ మీద గరిటెడు సాంబారు కుమ్మరించి ఇస్తారు. బెంగళూరు సాంబారులో బెల్లం పడుతుంది, పప్పు పలచన. మనింటి ముద్దపప్పులా లెక్కేసి రెండు గిన్నెలు తాగితే వచ్చేది ఉప్పు, తీపి మాత్రమే.

మామూలు ఇడ్లీ ఒకటి 50, 60 కిలో క్యాలరీలు, అందులో ప్రోటీన్ రెండు గ్రాములకు అటూ ఇటూ. రెండు ఇడ్లీలు తిని మీటింగులో కూర్చుంటే పదకొండుకల్లా బిస్కెట్ ప్లేటు వైపు చెయ్యి పోవడం అందుకే. నేను మూడు ఇడ్లీలకు రెండు ఉడికించిన గుడ్లు జత చేస్తాను. గుడ్డుకు దాదాపు 6 గ్రాముల ప్రోటీన్. దర్శినిలో గుడ్డు దొరకదు కాబట్టి బస చేసిన చోట వంటగదికి ముందు రాత్రే చెప్పి పెడతాను. గుడ్డు తిననివాళ్లు నందిని పాల బూత్‌లో చిన్న పెరుగు ప్యాకెట్ కొనుక్కోవచ్చు. తట్టె ఇడ్లీ ఒక్కటే కదా అని రెండు చెప్పకండి, పళ్లెమంత ఉండే ఆ ఒక్కటే రెండు మూడు మామూలు ఇడ్లీల పెట్టు. రవ్వ ఇడ్లీ కూడా ఆవిరిదే కదా అనుకుంటాం గానీ అందులో నెయ్యి తాలింపు, జీడిపప్పు, సోడా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కరువొస్తే ఇక్కడి ఎంటీఆర్ హోటల్ వాళ్లు ఈ వంటకం కనిపెట్టామని చెప్పుకుంటారు. రుచికి తిరుగులేదు, రోజూ తినేది మాత్రం కాదు.

దోసె తినాలనిపిస్తే సెట్ దోసె. మూడు మెత్తటి దోసెలు వస్తాయి. కరకరలాడించే పని లేదు కాబట్టి వాటికి నూనె తక్కువే పడుతుంది. పక్కన ‘సాగు’ అని కుర్మా లాంటి కూరగాయల కూర ఇస్తారు. రెండు తిని మూడోది పక్కవాడికి ఇస్తాను. ఖారా బాత్ అంటే ఉప్మాయే అయినా చేత్తో పట్టుకుంటే నూనె అంటుకునేంత పోస్తారు. కేసరి బాత్‌తో కలిపి చౌ చౌ బాత్‌గా తీసుకుంటే చక్కెర, నెయ్యి కూడా వచ్చి చేరతాయి. కాఫీకి ఈ ఊరు కనిపెట్టిన మంచి ఉపాయం బై-టూ. ఒక కాఫీ ఇద్దరికి. అడక్కపోతే చక్కెర వేసే ఇస్తారు గనక ‘సక్కరె బేడ’ అని డికాషన్ పోయకముందే అనాలి.

బస చేసిన చోట బఫే ఉంటే ఒకసారి మొత్తం చుట్టి చూశాకే ప్లేటు పట్టుకుంటాను. ముందు గుడ్లు, బొప్పాయి ముక్కలు, పెరుగు. ఆ తర్వాత ఇడ్లీ. పూరీ దగ్గర క్యూ పెద్దది, అది నాకు మేలే చేస్తుంది. రసాల మిషన్ జోలికి పోను.

మధ్యాహ్నం భోజనం దగ్గరే తెలుగువాడు ఓడిపోతాడు. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున మొదలుకొని మారతహళ్లి సందుల్లో మెస్సుల దాకా అరిటాకు, కందిపొడి, ముద్దపప్పు, గోంగూర, ఇంటి మాట. అక్కడ వడ్డన వరస తెలిస్తే సగం గెలిచినట్టే. ముందు పొడి వేస్తారు, వెనకే అన్నం, ఆ వెనకే నెయ్యి గిన్నె. ఆకలి మీద ఉన్న మనిషికి మొదటి పది నిమిషాల్లో అన్నం, నెయ్యి, పొడి కడుపులోకి పోతాయి. కూర దగ్గరికి వచ్చేసరికి నిండిపోతుంది. ఈ వరసను నేను తిరగేస్తాను. కూర్చోగానే ‘అన్నా, అన్నం తర్వాత, ముందు పప్పు, కూరలు వెయ్యండి’ అంటాను. వడ్డించేవాళ్లకు తెలుగు వస్తుంది, ఒకసారి వింతగా చూస్తారు, రెండోసారికి అలవాటు పడతారు. కూర సగం, పప్పు ఒక గరిటె వట్టిగా తినేశాక అన్నం వేయించుకుంటాను. నా కొలత ఒక కప్పు, అంటే 150 గ్రాముల వండిన అన్నం, దాదాపు 195 కిలో క్యాలరీలు. అందులో సగం పప్పుతో, పావు వంతు రసంతో, మిగతాది పెరుగుతో. నెయ్యి ఒక టీస్పూనుకు 45 కిలో క్యాలరీలు, దానితో వచ్చిన ముప్పేమీ లేదు. గిన్నెతో గుమ్మరించినప్పుడే మూడు నాలుగు స్పూన్లు పడుతుంది. అందుకే ఆకు మూలన వేయమని చెప్పి వేలితో తీసుకుంటాను.

ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, వడియం, మజ్జిగ మిరప. ఉప్పంతా ఇక్కడే ఉంది. ఈ ఐదింటిలో పూటకు ఒకటి అని నియమం పెట్టుకున్నాను. మీటింగ్ మధ్యాహ్నం రెండింటికి ఉంటే పచ్చడి అసలు ముట్టను, దాహంతో మాట సాగదు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, ఉంగరం బిగుసుకోవడం ఉప్పు ఎక్కువైన రోజు కనిపించేవే. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోండి.

ఉడుపి హోటల్లో దక్షిణాది భోజనం తీసుకుంటే పూరీ బదులు చపాతీ అడగొచ్చు, స్వీటు వెనక్కి ఇచ్చేయొచ్చు. ‘పల్య ఇన్నూ స్వల్ప హాకి’ అంటే కూర ఇంకొంచెం వేస్తారు. నానబెట్టిన పెసరపప్పు, కీరా, కొబ్బరి కలిపే కోసంబరి ఉంటే అదనంగా మరో కప్పు కొంటాను. పచ్చిగా ఉండేది కాబట్టి మధ్యాహ్నం తొలి విడతలోనే తినాలి. మూడు దాటాక మిగిలిన కోసంబరి, కొబ్బరి చట్నీ రెండూ వద్దు, ఎండాకాలం అవి ముందు పాడవుతాయి.

రాగి ముద్ద గురించి ఒక మాట. రాయలసీమవాళ్లు సంగటి అనుకుని వెళ్తారు. ఇక్కడి ముద్దలో అన్నం గానీ నూక గానీ ఉండదు, వట్టి రాగి పిండి. నమలకుండా సారులో, అంటే మన చారు లాంటి పులుసులో ముంచి మింగడం పద్ధతి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూ కాల్షియం ఉంటుంది, ఇది నిజంగా గొప్ప. కానీ క్యాలరీల్లో పిండికి పిండి బియ్యంతో పెద్ద తేడా లేదు. షుగర్ ఉన్నవాళ్లు రాగి కదా అని రెండు ముద్దలు మింగితే మీటర్ ఊరుకోదు. ఒక ముద్ద, ఆకుకూరతో చేసిన సొప్పు సారు, మాంసాహారం వండే మిలిటరీ హోటల్ అయితే రెండు ఉడికించిన గుడ్లు. పూటకు ఇంతకంటే మంచి భోజనం ఈ ఊళ్లో నాకు కనబడలేదు.

ఆఫీసు క్యాంటీన్‌లో పెద్దగా చెప్పేదేం లేదు. పప్పు, పెరుగు ఎక్కడైనా ఉంటాయి, ఫ్రైడ్ రైస్ కౌంటర్ దాటి వెళ్తే చాలు.

సాయంత్రం నాలుగున్నర గండం వేరే. టీ, బిస్కెట్లు, సమోసాలు. బ్యాగులో వేయించిన శనగలు పెట్టుకుంటాను, గుప్పెడు తిని నీళ్లు తాగితే రాత్రి భోజనం దాకా ఆగొచ్చు. ఊరి కాంగ్రెస్ కడలేకాయి బాగుంటుంది గానీ ఉప్పు, కారం పట్టించిన వేరుశనగ అది, తిన్నకొద్దీ తినిపిస్తుంది. 30 గ్రాములకు 170 కిలో క్యాలరీల పైనే. పండ్లకు రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ అంగళ్లు ఉన్నాయి. తొక్క ఒలుచుకునేవే కొంటాను: అరటి, కమలా. జ్యూస్ షాపులో ‘సక్కరె బేడ, ఐస్ బేడ’ అనకపోతే రెండూ వస్తాయి.

క్లయింట్లతో రాత్రి విందు ఉన్నప్పుడు స్టార్టర్ల ఆర్డరు నేనే చెప్తానని ముందుకు పడతాను. ఇక్కడ తెలుగువాళ్లు పొరబడే మాట కబాబ్. మనకు కబాబ్ అంటే కాల్చినది. బెంగళూరులో చికెన్ కబాబ్ అంటే కార్న్‌ఫ్లోర్ పట్టించి నూనెలో వేయించిన ముక్కలు. అందుకని కాల్చినదే కావాలంటే తందూరీ లేదా టిక్కా అని పేరు పెట్టి చెప్పాలి, పైన వెన్న రాయొద్దని కలపాలి. పెప్పర్ చికెన్ డ్రై, గుంటూరు చికెన్ లాంటివి చాలాచోట్ల ముందు నూనెలో వేయించి తర్వాత మసాలాలో దొర్లిస్తారు. సూప్ అయితే పలచటిది, బై-టూ. చిక్కటి సూపులో చిక్కదనం కార్న్‌ఫ్లోర్‌దే. తర్వాత తందూరీ రోటీ ‘వెన్న లేకుండా’, దాల్, ఒక కూర. ఎర్రగా మెరిసే గ్రేవీల్లో జీడిపప్పు ముద్ద, క్రీమ్ ఉంటాయి. గిన్నె వచ్చాక రెండు నిమిషాలు కదపకుండా వదిలేస్తే నూనె పైకి తేలుతుంది, స్పూనుతో పక్కకు తీసేయొచ్చు. ఒక పెద్ద స్పూను నూనె 120 కిలో క్యాలరీలు, తీసిన ప్రతి స్పూనూ లాభమే. బీరు తాగేవాళ్లు 650 మి.లీ. సీసాకు దాదాపు 280 లెక్కేసుకోండి, అంటే ఒకటిన్నర కప్పు అన్నం.

పది శాఖలు, అంతకు మించి ఉన్న రెస్టారెంట్లు మెనూలో క్యాలరీలు చూపాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. రెండు పదార్థాల మధ్య తేల్చుకోలేనప్పుడు ఆ అంకె పనికొస్తుంది. మనం అదనంగా వేయించుకున్న వెన్న అందులో ఉండదని గుర్తుంచుకోవాలి.

విమానం ఆలస్యమై రాత్రి పదిన్నరకు గదికి చేరినప్పుడు యాప్ తప్ప దారి లేదు. ‘నూనె తక్కువ’ అని సూచనల్లో రాస్తే ఎవరూ చదవరు. కాబట్టి సూచన అవసరం లేని వాటినే ఎంచుతాను: సాదా రోటీలు రెండు, దాల్, ఉడికించిన గుడ్లు, పెరుగు. దాల్ డబ్బా ఒక్కడికి ఎక్కువే అవుతుంది. మిగిలింది పొద్దున తిందామని గదిలోని చిన్న ఫ్రిజ్‌లో పెట్టొద్దు, అది సీసాలు చల్లబరచడానికి తప్ప వండినవి కాపాడేంత చల్లగా ఉండదు. అన్నమైతే మరీ ప్రమాదం. బయట రెండు గంటలు దాటిన అన్నంలో పెరిగే సూక్ష్మజీవి వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. షుగర్‌కు మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం ఆర్డరు వచ్చేదాకా ఖాళీ కడుపుతో ఎదురుచూడొద్దు, బ్యాగులో అరటిపండు ఉండాలి.

తిరుగు రైలు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య అయితే స్టేషన్‌కి దగ్గర్లోని ఉడుపి హోటల్లో మూడు చపాతీలు, పల్య విడిగా పార్సెల్ కట్టిస్తాను, కొబ్బరి చట్నీ వద్దంటాను. నందిని పెరుగు ప్యాకెట్ బండి ఎక్కే ముందు కొంటాను. ఎనిమిదిలోపు అవి తినేసి, లీటరు నీళ్ల సీసాలో సగం పొద్దుటికి మిగిల్చి పడుకుంటాను.