వాక్యంలో పెన్సిలు గీతలు

1984లో చిత్తూరులోని ఒక పాఠశాలలో మూడో తరగతిలో చేరేనాటికి నాకు అక్షరాలు, గుణింతాలు, వత్తులు అన్నీ వచ్చు. చదవడం మాత్రం రాదు. కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదట ఏమున్నదో మరచిపోయేదాన్ని. తెలుగులో క్రియ సాధారణంగా చివర వస్తుంది కనుక, అక్కడిదాకా వాక్యాన్ని మనసులో నిలుపుకోలేని పిల్లకు ఎవరు ఏం చేశారో అందదు. అంతకుముందు చదివిన మరో బడిలో తప్పు పలికిన ప్రతిచోటా ఆపి, బెత్తం చూపి సరిదిద్దేవారు. దానితో పుస్తకం తెరవగానే నా గొంతు పూడుకుపోయేది.

ఈ బడిలో మూడో తరగతి అయ్యవారు నన్ను మధ్యలో ఆపలేదు. పాఠాన్ని ముందుగా తామే, ఎదురుగా కూర్చున్నవారితో మాట్లాడినట్టుగా, చదివి వినిపించేవారు. తరవాత నా పుస్తకంలో పెన్సిలుతో సన్నని నిలువు గీతలు గీసేవారు. ‘పొలానికి వెళ్లిన రైతు / చింతచెట్టు కింద / ఎద్దులను కట్టేసి / సద్దిమూట విప్పాడు’ వంటి వాక్యం అంతవరకు నాకొక అక్షరాల గుట్ట. గీతలు పడ్డాక అది నాలుగు ముక్కలయింది, ఒక్కో ముక్కకు ఒక్కో ఊపిరి చాలేది. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి వత్తుల మాటలను ముందే పలకమీద రాయించి నోటికి అలవాటు చేసేవారు. ఆ పాఠాన్నే వారి వెంట ఒకసారి, తరగతి అంతా కలిసి ఒకసారి, జంటలుగా ఒకరికొకరం ఒకసారి చదివేవాళ్లం. నాలుగో రోజున వారు గీతలను రబ్బరుతో తుడిపేశారు. అయినా నా గొంతు సరిగ్గా ఆ చోట్లనే ఆగి సాగింది. ఆనాటి సంతోషం నాకు ఇప్పటికీ తాజాగానే ఉంది.

కార్వేటినగరంలోని జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో శిక్షణ పొంది ఉపాధ్యాయురాలినయిన చాలా ఏళ్లకు దీని వెనుక కారణాన్ని చదివాను. మనిషి ధ్యాసకు హద్దుందనీ, అదంతా అక్షరాలను గుర్తుపట్టడానికే ఖర్చయితే అర్థానికి ఏమీ మిగలదనీ 1974లో లాబెర్జ్, శామ్యూల్స్ అనే అమెరికా పరిశోధకులు వివరించారు. చిన్న పాఠాన్ని తడబాటు పోయేదాకా మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని 1979లో శామ్యూల్స్ ప్రతిపాదించారు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతివారు కనీసం 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టింది. లక్ష్యం అవసరమే. అయితే ‘వెళ్లలేకపోయినందుకు’ అన్నది కూడా మనకు ఒక్క మాటే కనుక, గడియారం చూసి పిల్లను తొందరపెట్టడం నాకు సమ్మతం కాదు. తమిళనాడు సరిహద్దులోని గుడిపాల వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు కొందరు నా తరగతిలో గలగలా చదివి, అడిగితే కథ చెప్పలేకపోయేవారు. అందువల్ల ఇప్పుడు ముందుగా కథను మాటల్లో చెప్పి, వాళ్లచేత చెప్పించి, ఆ తరవాతే పుస్తకం తెరిపిస్తున్నాను.

నేను మూడో తరగతి చదివిన ఆ ఏడాది చివర అయ్యవారు నా చేతికి ఒక కథల పుస్తకం ఇచ్చి, ఒకటో తరగతి పిల్లలకు చదివి వినిపించమని పంపారు. రెండో పుట తిప్పడానికి నేను ఆగినప్పుడు, ముందు వరుసలోని పిల్లవాడొకడు నా లంగా అంచు పట్టుకుని, “తరవాత ఏమైందక్కా?” అని అడిగాడు.