గేటు వైపు నడిచే మనిషి

హెచ్‌4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకిచ్చే పని అనుమతి) వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం చికాగో శివారులోని ఒక స్కూల్లో పారా. అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ క్లాసులో టీచరుకు సాయంగా ఉండే మనిషి. నేను చూసుకునే పిల్లాడికి ఎనిమిదేళ్లు, ఆటిజం. మాట తక్కువ, పరుగు ఎక్కువ.

మూడో వారంలో ఫైర్ డ్రిల్ బెల్ మోగింది. వాడు చెవులు మూసుకుని గేటు వైపు పరుగెత్తాడు. వెంటపడి మణికట్టు పట్టేశాను, మన బస్టాండులో పిల్లల్ని పట్టుకున్నట్టు. వాడు ఆగాడు. ఆగాక కూడా నేను వదల్లేదు. గింజుకున్నాడు, ఇంకా బిగించాను, కొరికాడు. టీచరు వచ్చి మెల్లగా "వదిలెయ్" అంది. వదిలితే గోడవారన కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ తనంతట తనే సర్దుకున్నాడు.

రోడ్డు మీదికి పోకుండా ఒక్క క్షణం ఆపడం వేరు, ప్రమాదం తప్పాక కూడా పట్టి ఉంచడం వేరు అంది టీచరు. రెండోది రిస్ట్రెయింట్. ఫారం రాయాలి, అదే రోజు ఇంటికి కబురు చెప్పాలి. ఎందుకు పట్టుకున్నానో రాసేశాను. ఎందుకు వదల్లేదో అడిగే గడి అందులో లేదు, నయం.

తర్వాత ట్రైనింగ్‌కి పంపారు. పట్టుకోవడం నేర్పుతారనుకుంటే చాలాసేపు నిలబడటమే నేర్పారు. ఎదురుగా కాదు, కాస్త పక్కకు తిరిగి, చెయ్యి చాచినంత దూరంలో. మాటలు తగ్గించాలి. తలుపుకు అడ్డం నిలబడకూడదు. బోర్లా పడేసి వీపు మీద బరువు మోపితే ఊపిరాడదు. మాట్లాడుతున్నాడు కదా, ఊపిరి ఆడుతోందిలే అనుకోకూడదు. అలా ప్రాణాలు పోయిన పిల్లల కేసులు 2009లోనే ప్రభుత్వ ఆడిట్ సంస్థ అమెరికా కాంగ్రెస్ ముందు పెట్టింది. 2017-18 లెక్కల ప్రకారం దేశమంతా స్కూలు పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్లు 13 శాతం. ఇలా పట్టి ఉంచిన పిల్లల్లో మాత్రం 80 శాతం వాళ్లే. నా క్లాసు పిల్లలే అన్నమాట.

మా కారిడార్ చివర ఓ చిన్న గది ఉంది. తలుపుకు గడియ ఊడదీసిన మచ్చ ఇంకా కనిపిస్తుంది. ఇల్లినాయిస్ స్కూళ్లలో పిల్లల్ని ఒంటరిగా గదుల్లో పెట్టి మూస్తున్నారని 2019 నవంబరులో పత్రికలు బయటపెట్టాయి. రోజుల్లోనే రాష్ట్రం అత్యవసర నిబంధనలు తెచ్చింది, 2021లో చట్టమూ వచ్చింది. ఇప్పుడు ఆ గదిలో మెత్తలున్నాయి. పిల్లాడితోపాటు మాలో ఒకరం లోపలే కూర్చుంటాం.

ఫోన్లో చెబితే అమ్మ నవ్వింది. "చెయ్యి పట్టుకున్నందుకే కాగితమా? మీ మాస్టారు గోడకుర్చీ వేయిస్తే మేమెప్పుడైనా అడిగామా?" నిజమే, అడగలేదు. ఆ తొడల వణుకు నాకింకా గుర్తుందని అమ్మకు చెప్పలేదు.

డ్రిల్ ఉన్న రోజు ఇప్పుడు టీచరు నాకు పొద్దున్నే చెబుతుంది. బెల్ మోగకముందే వాడికి హెడ్‌ఫోన్స్ పెట్టి బయటికి తీసుకెళ్తాను. వాడికీ గేటుకీ మధ్యన, గేటు వైపు నేను నడుస్తాను, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని.