ఈమ్ గ్రామపు సరిహద్దు రాయి

ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఉన్న ఈమ్ గ్రామాన్ని చూసి వచ్చి వారం గడిచినా, ఊరి పొలిమేరలోని గుంటల రాయి నా మనసును వదలడం లేదు. 1665లో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూట వెంట ప్లేగు ప్రవేశించిందని చెబుతారు. మరుసటి ఏడాది జూన్‌లో, మతాచార్యులు విలియం మాంపెసన్, థామస్ స్టాన్లీల మాట మన్నించి, ఆ తెగులు చుట్టుపక్కల పల్లెలకు పాకకుండా తాము పొలిమేర దాటకూడదని గ్రామస్థులు నిశ్చయించుకున్నారు. పొరుగువారు తెచ్చిపెట్టిన ఆహారానికి వెలగా, ఆ రాతి గుంటల్లో పోసిన వెనిగర్‌లో నాణేలు వేసి వెనుదిరిగేవారు. ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు బిడ్డలనూ తన చేతులతోనే పాతిపెట్టింది. (కరోనా కాలంలో పది రోజులు గదిలో ఉండటానికే విసుక్కున్న నేను ఆ సమాధుల ముందు తలెత్తలేకపోయాను.) ఇప్పటికీ ఏటా ఆగస్టు చివరి ఆదివారం, ఆనాడు ఆరుబయట ప్రార్థనలు జరిగిన కక్‌లెట్ డెల్ఫ్‌లో వారిని స్మరించుకుంటారు.