ఇసుక లేని ఒడ్డు

బెంగళూరుకు వచ్చిన ఈ పన్నెండేళ్ళలో లాల్‌బాగ్ బండ మీద ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో లెక్కలేదు. సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి ఆ శిలకు జాతీయ భూవైజ్ఞానిక స్మారకమనే గుర్తింపు ఉంది. మన తిరుమల శిలాతోరణానికి కూడా అదే గుర్తింపు ఉన్నది. ఉడుపి దగ్గరి సెయింట్ మేరీస్ దీవులు సైతం ఆ వరుసలోనివేనని తెలిసి, జనవరిలో అమ్మతోనూ, మా అమ్మాయితోనూ రాత్రి రైలెక్కాను.

మల్పె చేపల రేవు నుండి పడవలో అరగంట ప్రయాణం. వానాకాలంలో పడవలు నడపరు. 1498లో వాస్కో డ గామా ఇక్కడ దిగి ఆ పేరు పెట్టాడని చెబుతారు గానీ, చూడవలసిన చరిత్ర అంతకంటే చాలా పాతది.

దీవి అంచున నల్లని రాతి స్తంభాలు, ఎవరో ఉలితో చెక్కి పక్కపక్కనే పేర్చినట్టు నిలబడి ఉన్నాయి. వేసవిలో మా అనంతపురం చెరువుల అడుగున బంకమట్టి ఎండి, కుంచించుకుపోయి నెర్రెలు విచ్చడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఇక్కడ లావా చల్లారుతూ అదే విధంగా కుంచించుకుపోగా పైన పడిన పగుళ్ళు, వేడి తగ్గుతున్నకొద్దీ లోపలికి దిగి, రాతిని స్తంభాలుగా చీల్చాయి. ఎక్కువ వాటికి ఆరు పలకలు ఉన్నా, అయిదు, ఏడు పలకలవి కూడా ఉన్నాయని మా అమ్మాయి వేలితో తడిమి లెక్కపెట్టింది. మడగాస్కర్ మన భూభాగం నుండి విడిపోయిన కాలంలో, అంటే దాదాపు 8.8 కోట్ల ఏళ్ళ కిందట, పొంగిన లావా ఇది. దక్కను పీఠభూమి నల్లరాయి దీనికంటే రెండు కోట్ల ఏళ్ళు చిన్నది.

ఆ స్తంభాలు దాటి మరోవైపుకు వెళితే, ఇసుక ఉండవలసిన చోట గవ్వలు, శంఖాలు, ఆలిచిప్పలు, వాటి ముక్కలే పరుచుకొని ఉన్నాయి. చెప్పులు విప్పి నడిచిన నేను పది అడుగులకే వాటిని మళ్ళీ తొడుక్కున్నాను. అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా చేటలో బియ్యం చెరిగినట్టు సన్నని గలగల వినిపిస్తుంది. రాతి స్తంభాలను ఎవరూ మోసుకుపోలేరు కనుక వాటి గురించి నాకు బెంగ లేదు. గవ్వల ఒడ్డు సంగతి అలా కాదు, అక్కడ ప్లాస్టిక్ సంచులు నింపుకుంటున్నవారిని చూస్తే నిజంగానే కోపం వచ్చింది.

తీరా చూస్తే మా అమ్మ కూడా అష్టాచెమ్మాకు పనికొస్తాయని నాలుగు గవ్వలు కొంగున ముడివేసుకుంది. వద్దన్నాను.

"నాలుగు గవ్వలకే దీవి కరిగిపోతుందా నాయనా?" అంది.

"పడవలో ఎంతమంది వచ్చామో చూశావు కదమ్మా, తలా నాలుగు తీసుకుంటే?" అన్నాను.

ఆమె జవాబివ్వకుండా ముడి విప్పి, గవ్వలను తీసినచోటే జారవిడిచింది. ఇప్పుడు నానమ్మా మనవరాలూ ఒకవైపు అరగదీసిన చింతగింజలతో ఆడుకుంటున్నారు. ఓడిన ప్రతిసారీ అమ్మ తప్పు గింజలదే అంటుంది.