ఆదిలాబాద్ చలికి ముక్కు ఎండిపోయినప్పుడు

ముక్కు బిగదీసుకుపోయి ఉంటుంది, చీదితే ఏమీ రాదు. జలుబు లేదు, తుమ్ముల్లేవు, జ్వరం లేదు. లోపల సన్నటి మంట, గరగర. పొద్దున్నే లేచేసరికి రెండు వైపులా పక్కు కట్టి ఉంటుంది, కాస్త కదిపితే రక్తం చుక్క. రాత్రుళ్లు నోటితో ఊపిరి పీల్చుకోవడం వల్ల గొంతు ఆరిపోయి మెలకువ వచ్చేది. ఆ చలికాలమంతా నన్ను పీడించింది ఇదే. ఇదొక బాధ అని చెబితే చుట్టుపక్కల ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. "ముక్కు ఎండిపోవడమేంటి మేడమ్" అని అడిగినవాళ్లే ఎక్కువ. నాలాగే ఇంకెవరైనా పడుతూ ఉంటారనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను పుట్టిందీ పెరిగిందీ కాకినాడలో. అక్కడ గాలి నిండా తేమే. ఉతికిన బట్టలు ఒక పట్టాన ఆరవు, మూత సరిగ్గా పెట్టకపోతే ఉప్పు చెమ్మగిల్లుతుంది. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద ఆదిలాబాద్ వచ్చేదాకా పొడిగాలి ఎలా ఉంటుందో నాకు తెలియదు. చలి ముదిరితే ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగిపోతుంది. అదే పత్తి సీజన్ కూడా. మార్కెట్ యార్డు దగ్గర పత్తి బళ్లు బారులు తీరి ఉంటాయి, దారంతా దుమ్ము, గాలిలో నూగు. పెదవులు, మడమలు పగిలాయి. వాటికి కొబ్బరినూనె రాసుకుంటే సరిపోయేది. ముక్కు లోపల పగిలింది ఎవరికి కనిపిస్తుంది? అందుకే అది మెల్లగా ముదిరింది.

అమ్మకు ఫోన్ చేస్తే ఒకటే మాట. "వేడి చేసిందే. రాత్రి మెంతులు నానేసుకుని పొద్దున్నే తాగు. మజ్జిగ మానకు." మా ఇంటి ఓనరమ్మ ఇంకోలా చెప్పింది. "చలికి గట్లనే అయితది బిడ్డా. పండేటప్పుడు ముక్కుకు జరంత నెయ్యి రాసుకో." బ్యాంకులో తోటి ఆఫీసరు ఒకాయన, ముక్కు దిబ్బడకు తను వాడే స్ప్రే తీసి ఇవ్వబోయారు. "రెండు నిమిషాల్లో ఫ్రీ అయిపోతుందండీ" అన్నారు. ఇంకొకరి ముక్కులో పెట్టింది నాకెందుకని తీసుకోలేదు. అది ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది.

జనవరిలో ఒకరోజు మధ్యాహ్నం కౌంటర్లో కూర్చుని ఉండగా వోచర్ మీద టప్‌మని రక్తం చుక్క పడింది. చూస్తుండగానే కారడం మొదలైంది. చుట్టూ చేరినవాళ్లు తల వెనక్కి వంచారు, నడినెత్తిన చల్లటి నీళ్లు తట్టారు. రక్తం గొంతులోకి దిగి వాంతి వచ్చినంత పనైంది. తల వెనక్కి వంచకూడదని ఈఎన్‌టీ డాక్టరుగారు తర్వాత చెప్పారు. కూర్చుని, కొంచెం ముందుకు వంగి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. నోటితో ఊపిరి తీసుకుంటూ 10 నుంచి 15 నిమిషాలు వదలకూడదు. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో తీసి చూడటమే చాలామంది చేసే పని, దానివల్ల గడ్డకట్టేది కూడా కట్టదు. పైన ఎముక దగ్గర నొక్కితే లాభం లేదు. 20 నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా ధారగా కారుతుంటే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

డాక్టరుగారు ముందు బీపీ చూశారు, బాగానే ఉంది. తర్వాత నుదుటికి లైటు పెట్టుకుని, ముక్కు పుటాన్ని చిన్న పరికరంతో విప్పి చూశారు. "మీ ముక్కు మూసుకుపోలేదమ్మా, ఎండిపోయింది" అన్నారు. రెండు పుటాల మధ్య గోడకు ముందు భాగంలో గోధుమరంగు పక్కులు, వాటి కింద ఎర్రగా పచ్చిగా ఉన్న చోటు. సన్నటి రక్తనాళాలు కొన్ని అక్కడ ఒకచోట కలుస్తాయట. దాన్ని లిటిల్స్ ఏరియా అంటారు. ముక్కులోంచి వచ్చే రక్తం చాలావరకు అక్కడిదే. పీల్చిన గాలి ముందుగా తగిలేదీ, వేలు సులువుగా అందేదీ ఆ చోటే.

నాకు అన్నిటికన్నా కొత్తగా అనిపించింది దిబ్బడ సంగతి. ముక్కులో అడ్డమేమీ లేనప్పుడు ఊపిరి ఆడనట్టు ఎందుకుంటుంది? గాలి వెళ్తోందని మనకు తెలిసేది లోపలి తడి పొరకు తగిలే చల్లదనం వల్ల. ఆ పొర ఎండి పక్కు కడితే ఆ చల్లదనం తెలియదు. గాలి వెళ్తున్నా మూసుకుపోయినట్టే ఉంటుంది. జలుబేమో అనుకుని దిబ్బడ స్ప్రే కొడతాం. జైలోమెటజోలిన్, ఆక్సిమెటజోలిన్ అని డబ్బా మీద రాసుండే ఆ మందులు రక్తనాళాలను కుదించేస్తాయి. జలుబులో కొద్ది రోజులకు అవి పనికొస్తాయి, కానీ వారం దాకా కూడా లాగకూడదు. ఎక్కువ రోజులు వాడితే మందు దిగిన ప్రతిసారీ దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. ఎండిన ముక్కును మరింత ఎండబెడతాయి కూడా.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న, ఏయే మందులు వాడుతున్నారని. చలికి ఒళ్లు దురదలు పెడితే చర్మం డాక్టరు సెట్రిజిన్ రాశారు, రోజూ రాత్రి వేసుకునేదాన్ని. ఈ రకం అలర్జీ మాత్రలు నోటినీ ముక్కునూ పొడిబారుస్తాయి. మళ్లీ చర్మం డాక్టరుగారితో మాట్లాడి, స్నానం కాగానే తడి ఒంటి మీద క్రీము రాసుకోవడం మొదలుపెట్టాక మాత్ర అవసరం తప్పింది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడే పిల్లలకు పెదవులు, ముక్కు ఎండి రక్తం రావడం మామూలేనట. అలాంటివాళ్లు తమంతట తామే మందు ఆపేయకుండా రాసిన డాక్టరుకు చెప్పాలి.

ఇక ఇంట్లో రూమ్ హీటర్. అసలు దొంగ అదే. రాత్రంతా మంచం పక్కనే వేసుకుని పడుకునేదాన్ని. 10 డిగ్రీల చలిగాలి ఘనపు మీటరుకు మహా అయితే 9 గ్రాముల పైచిలుకు తేమ పట్టుకోగలదు. ఆ గాలినే గదిలోకి తెచ్చి 25 డిగ్రీలకు వేడి చేస్తే దానికి 23 గ్రాములు పట్టే చోటుంటుంది. కొత్త తేమ ఎక్కడా కలవదు. అంటే బయట మంచు కురుస్తున్న పొద్దుట కూడా లోపల గాలిలో తేమ 40 శాతం దగ్గరే ఉంటుంది. ఇక్కడి గాలి ముందే పొడి కాబట్టి ఇంకా తక్కువ. ఊపిరితిత్తుల దాకా చేరేసరికి అదే గాలి 37 డిగ్రీల వేడి, ఘనపు మీటరుకు 44 గ్రాముల తేమతో ఉండాలి. ఆ లోటులో ఎక్కువ భాగం పూడ్చేది ముక్కే. మనిషి రోజుకు పీల్చే గాలి సుమారు 10,000 లీటర్లు. నా ముక్కు మీద ఎంత భారం పడిందో ఈ లెక్క చూశాకే నాకు అర్థమైంది.

తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో తెప్పించి మంచం దగ్గర పెట్టాను. హీటర్ వేసిన కాసేపటికి అంకె 30 కిందికి దిగిపోయేది. హీటర్ మానేసి దుప్పటి మీద రగ్గు కప్పుకోవడం, గదిలో తడి తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టాను. తర్వాత గాలిలో తేమ చల్లే హ్యుమిడిఫయర్ కొన్నాను. 40 నుంచి 50 మధ్య ఉంటే ముక్కుకు హాయి. 60 దాటితే గోడలకు బూజు పడుతుంది, దానితో వేరే తంటా. ఆ డబ్బాలో నీళ్లు రోజూ పారబోసి, కడిగి, ఆరబెట్టాలి. లేకపోతే అందులో పెరిగిన క్రిములనే గదంతా చల్లుకున్నట్టు.

డాక్టరుగారు పచ్చి పుండుకు కొద్ది రోజులు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాశారు. దానితోపాటు రోజుకు నాలుగైదుసార్లు సెలైన్ (ఉప్పునీళ్ల) స్ప్రే, పడుకునే ముందు సెలైన్ జెల్. మొదట్లో మందుల షాపులో కొన్నాను, తర్వాత ఉప్పునీళ్లు ఇంట్లోనే కలుపుకున్నాను. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు, అంటే అంచుకు గీసి కొలిచిన టీస్పూనుతో ఒకటిన్నర. కొందరికి అయోడిన్ కలిపిన ఉప్పు మండుతుంది, నాకూ మండింది. అయోడిన్ లేని ఉప్పుకు మారి, చిటికెడు తినే సోడా కలిపాక ఆ మంట పోయింది. స్టీలు గిన్నెలో నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం అలాగే మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చేదాన్ని. గోరువెచ్చగా అయ్యాక ఉప్పు కలిపి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన స్ప్రే సీసాలో పోసుకునేదాన్ని. మర్నాటికి మిగిలింది పారబోయడమే.

కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి పోనివ్వకండి. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా తాగితే ఏమీ చేయదు, ముక్కు గుండా వెళ్తే మెదడుకు ఎక్కుతుంది. అరుదైన జబ్బే, కానీ సోకినవాళ్లలో బతికేవాళ్లు బాగా తక్కువ. కేరళలో మెదడుకు సోకే ఇలాంటి అమీబా జబ్బులతో 2024, 2025లో ఎంతమంది భయపడ్డారో వార్తల్లో చూశాం. ఒక్క నిమిషం మరిగించడానికి బద్ధకించకూడదు.

ఓనరమ్మ చెప్పిన నెయ్యి మాటేంటని అడిగితే డాక్టరుగారు కొట్టిపారేయలేదు. చిటికెన వేలి కొనకు అంటుకునేంత తీసుకుని, ముక్కు వాకిట్లోనే రాసుకుంటే తప్పులేదన్నారు. నువ్వులనూనె మీద స్వీడన్‌లో పరిశోధన చేసి 2001లో ప్రచురించారు. చలికాలంలో ముక్కు ఎండినవాళ్లకు ఉప్పునీళ్ల కన్నా నూనె బాగా పనిచేసిందని తేల్చారు. పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదని సంతోషం వేసింది. అయితే తల వెనక్కి వేసి ధారగా పోయడం వేరు. నూనె గానీ, నెయ్యి గానీ, పెట్రోలియం జెల్లీ గానీ రోజూ లోపలికి జారుతూ ఊపిరితిత్తుల్లో చేరితే ఒక రకం న్యుమోనియా వస్తుంది. నలుగుస్నానం చేయించేటప్పుడు పసిపిల్లల ముక్కుల్లో నూనె చుక్కలు వేయడం మన ఇళ్లల్లో ఇంకా ఉంది. పిల్లల డాక్టర్లు వద్దంటున్నది ఇందుకే. దయచేసి ఆ అలవాటు మానేయండి. ఒళ్లంతా నూనె రాయండి, ముక్కును వదిలేయండి.

అమ్మ చెప్పిన మజ్జిగ తాగాను, నీళ్లు ఎక్కువ తాగాను. చలికి దాహం వేయక నీళ్లు తగ్గించేస్తాం కాబట్టి దానివల్ల కొంత మేలు జరిగింది. ఆవిరి మాత్రం బామ్ వేయకుండా, తక్కువ వేడిలో, కొద్దిసేపే పట్టేదాన్ని. బామ్ ఘాటు పచ్చి ముక్కుకు మంట. పక్కులు మెత్తబడకుండా వేలితో పీకకూడదన్న నియమం అన్నిటికన్నా కష్టమైంది. జెల్ రాసి పైనుంచి మెల్లగా ఒత్తి వదిలేస్తే, తెల్లారేసరికి అవే ఊడేవి.

ముందు రక్తం ఆగింది. తర్వాత రాత్రిపూట నోరు తెరవకుండా నిద్ర పట్టడం మొదలైంది. పక్కులతో పోయిన వాసన తెలియడం మాత్రం ఆలస్యంగా తిరిగొచ్చింది. ఒకరోజు పప్పుకు తాలింపు పెడుతుంటే ఇంగువ ఘాటు ముక్కుకు సూటిగా తగిలింది. స్టవ్ ఆపి అమ్మకు ఫోన్ చేశాను. ఎండ ముదిరాక ఏసీకి బదులు గదిలో కూలర్ పెట్టించాను. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది, కూలర్ కలుపుతుంది. ఆదిలాబాద్ ఎండలకు కూలరే సరి.

అందరికీ ఇంట్లోనే తగ్గిపోతుందని చెప్పను. ముక్కుతో పాటు కళ్లు, నోరు కూడా ఎప్పుడూ పొడిగా ఉంటే షోగ్రెన్స్ సిండ్రోమ్ (ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీళ్లు, లాలాజలం ఊరే గ్రంథులను దెబ్బతీసే జబ్బు) లాంటిది ఉందేమో పరీక్ష చేయించాలి. పెద్ద పెద్ద పచ్చటి పక్కులు, చెడు వాసన ఉంటే అది వేరే జబ్బు. ఒకవైపు నుంచే పదేపదే రక్తం వస్తున్నా, గుండె కోసం రక్తం గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటున్నా, ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీకి చూపించుకోవాలి.

మా చెల్లి వాళ్లు షికాగోలో ఉంటారు. బయట సున్నా కన్నా ఎంతో కింద, ఇల్లంతా హీటింగ్. నేను కోలుకున్నాక ఫోన్లో ఇదంతా చెబితే, "అక్కా, చిన్నోడికి దిండు మీద రక్తం మరకలు ఉంటున్నాయే" అంది. గోళ్లు కత్తిరించమన్నాను. వాడి గదిలో తేమ ఎంతుందో కొలిచి హీటింగ్ కాస్త తగ్గించమన్నాను. స్కూలుకు వెళ్లేముందు, పడుకోబోయేముందు సెలైన్ స్ప్రే కొట్టమన్నాను. అక్కడ కూడా ముందు డాక్టరుకు చూపించమన్నాను. చూపించింది. హీటర్ గాలి సూటిగా వాడి మంచం మీదకే వస్తోందట, మంచం ఇంకో గోడ వైపు జరిపారు.